మాయల బడి ఉన్నంత మాత్రాన పిల్లల నవల అనుకరణ అవుతుందా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. పది నుంచి పదమూడేళ్ళ పిల్లల కోసం మీరు తెలుగులో ఒక ఫాంటసీ నవల రాశారు. తల్లిదండ్రులు లేని ఒక అబ్బాయికి పదకొండో ఏట ఒక ఉత్తరం అందుతుంది. దాన్ని పట్టుకుని అతడు మంత్రవిద్య నేర్పే గురుకులానికి వెళ్తాడు. అక్కడ విద్యార్థులు నాలుగు జట్లుగా ఉంటారు. చదివిన మిత్రులందరూ ఇది హ్యారీ పాటర్‌కు అనుకరణ అన్నారు. నవలను పక్కన పెట్టాలా, మార్చాలా, ఉన్నది ఉన్నట్టుగా అచ్చు వేయించాలా అన్నది మీ సందేహం.

నా జవాబు ఇది. నవలను పక్కన పెట్టవద్దు, అలాగని ఉన్నది ఉన్నట్టుగా అచ్చుకూ ఇవ్వవద్దు. మంత్రవిద్య నేర్పే బడి ఎవరి సొత్తూ కాదు, దాన్ని నిశ్చింతగా ఉంచుకోండి. అనాథ బాలుడు, పదకొండో ఏట ఉత్తరం, నాలుగు జట్లు అనే మూడూ హ్యారీ పాటర్‌లో ఉన్న వరుసలోనే, అదే పని చేయడానికి మీ కథలోకి వచ్చాయి. మీ మిత్రులకు అభ్యంతరంగా తోచింది ఆ కూర్పే కానీ బడి కాదు. మార్చవలసింది కూడా ఆ కూర్పునే.

నేను చాలాకాలం ఒక పిల్లల పత్రికలో పనిచేశాను, ఆ తరువాత పిల్లల నవలల రాతప్రతులను చదివి సరిదిద్దే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు కనుక కొంచెం వివరంగానే రాస్తాను. అచ్చుకు ముందు భయపడి మంచి కథను పెట్టెలో పెట్టేసినవారినీ చూశాను, అన్నీ పాతవే కదా అన్న ధీమాతో ఒకే పుస్తకానికి నీడలాంటి పుస్తకాన్ని తెచ్చినవారినీ చూశాను.

ముందుగా హ్యారీ పాటర్ సంగతే తీసుకుందాం, ఎందుకంటే మీ మిత్రులు దాన్నే మూలం అనుకుంటున్నారు. మొదటి పుస్తకం 1997 జూన్ 26న బ్రిటన్‌లో వెలువడింది. అప్పటికి మాయల బడి ఇంగ్లీషు బాలసాహిత్యంలో దశాబ్దాలుగా ఉన్నదే. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన "ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ"లో గెడ్ అనే పల్లెటూరి కుర్రవాడు రోక్ ద్వీపంలోని మాంత్రికుల పాఠశాలకు చదువుకు వెళ్తాడు. జిల్ మర్ఫీ 1974లో తెచ్చిన "ద వర్స్ట్ విచ్"లో మిల్డ్రెడ్ అనే అమ్మాయి మంత్రగత్తెల బడిలో ఏ పని తలపెట్టినా తప్పుగానే చేస్తుంది. ఆమెను గడగడలాడించే కఠినమైన ఉపాధ్యాయురాలు, గర్వంతో మిడిసిపడే తోటి విద్యార్థిని కూడా అందులో ఉన్నారు. డయానా విన్ జోన్స్ 1977లో రాసిన "చార్మ్‌డ్ లైఫ్"లో తల్లిదండ్రులు పోయిన పిల్లవాడు ఒక మహామాంత్రికుడి కోటలో పెరుగుతాడు. ఈవా ఇబాట్సన్ 1994 నాటి "ద సీక్రెట్ ఆఫ్ ప్లాట్‌ఫామ్ 13"లో లండన్ కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్‌లోని ప్లాట్‌ఫామ్ కిందనుంచే మాయాలోకానికి దారి ఉంది. నీల్ గైమన్ 1990లో మొదలుపెట్టిన "ద బుక్స్ ఆఫ్ మ్యాజిక్" అనే బొమ్మల కథలో కళ్ళజోడు పెట్టుకున్న, నల్లజుట్టు ఉన్న ఒక ఇంగ్లీషు బాలుడికి గుడ్లగూబ తోడుగా ఉంటుంది, అతడు గొప్ప మాంత్రికుడయ్యే అవకాశం ఉందని పెద్దలు చెబుతారు.

ఈ జాబితా చూసి హ్యారీ పాటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ దొంగిలించారని తీర్మానించేవారు చాలామంది ఉన్నారు. ఆ పుస్తకాలు రాసినవారు మాత్రం ఆ మాట అనలేదు. రచయితలు ఒకరి నుంచి ఒకరు తీసుకుంటూనే ఉంటారన్నది ఇబాట్సన్ అభిప్రాయం. తామిద్దరికీ మూలం టి.హెచ్. వైట్ అని గైమన్ చెప్పారు. వైట్ 1938లో రాసిన "ద సోర్డ్ ఇన్ ద స్టోన్"లో మెర్లిన్ అనే మాంత్రికుడి దగ్గర, మాట్లాడే గుడ్లగూబ తోడుగా, ఒక అమాయకుడైన కుర్రవాడు విద్య నేర్చుకుంటాడు. అతడే ఆర్థర్ రాజు అవుతాడు. హ్యారీకి ఆ కుర్రవాడు ఒక విధంగా పూర్వీకుడని రౌలింగ్ కూడా అన్నారు.

అందరిలోకీ లె గ్విన్ చెప్పినదే నాకు ముఖ్యంగా తోస్తుంది. రౌలింగ్ తనను అనుకరించలేదని, శైలిలోనూ స్వభావంలోనూ రెండు రచనలకూ పోలిక లేదని ఆమె స్పష్టంగా రాశారు. మాయల బడి అనే ఊహ తనది కూడా కాదని, వైట్ పుస్తకంలో అది ఒక్క వాక్యంగా వచ్చిపోయిందని, దాన్ని పెంచి కథగా చేసిన మొదటి వ్యక్తిని మాత్రం తానేనని చెప్పుకున్నారు. ఆమెకు బాధ కలిగించింది వేరొక విషయం. ముందు వచ్చిన పుస్తకాలు తెలియని సమీక్షకులు ఆ ఊహను రౌలింగే కనిపెట్టినట్టు పొగుడుతుంటే, రౌలింగ్ వారిని సరిదిద్దలేదు. ఆ మౌనం ఉదారమైనది కాదని లె గ్విన్ అభిప్రాయం. రౌలింగ్ పక్షాన ఒక మాట చెప్పాలి: ఇ. నెస్‌బిట్ రచనలు, ఎలిజబెత్ గూజ్ 1946లో రాసిన "ద లిటిల్ వైట్ హార్స్" తనకు ఎంత ప్రియమైనవో ఆమె ఇంటర్వ్యూలలో చెప్పుకున్నారు. అయినా ఈ ఒక్క విషయంలో నేను లె గ్విన్ వైపే నిలబడతాను. ఎందుకో చివరలో చెబుతాను, మీరు చేయవలసిన ఒక పనికీ దానికీ సంబంధం ఉంది.

బడి పాతదే అయినప్పుడు హ్యారీ పాటర్‌లో కొత్తది ఏమిటి? కొత్త రచయితలు ఎక్కువసేపు ఆలోచించవలసింది దీని గురించే. మంత్రదండాలు, చీపుళ్ళు, డ్రాగన్లు, పరుసవేది రాయి, ఏదీ రౌలింగ్ కల్పన కాదు. పరుసవేదిని సాధించాడని యూరప్‌లో చెప్పుకునే నికోలా ఫ్లమెల్ కూడా పారిస్‌లో నిజంగా బతికి, 1418లో మరణించిన ఒక లేఖకుడే. బ్రిటిష్ వసతి పాఠశాలల కథ అనే ప్రక్రియ ఇంకా పాతది. థామస్ హ్యూస్ 1857లో రాసిన "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్"తో అది బాగా పాదుకుంది. 1940లలో ఎనిడ్ బ్లైటన్ అమ్మాయిల వసతి పాఠశాలల వరుస నవలలతో ఇంటింటికీ చేరింది. కొత్త విద్యార్థి భయం, జట్ల మధ్య పోటీ, ఆటల పందేలు, అన్యాయంగా శిక్షించే మాస్టారు, అర్ధరాత్రి దొంగచాటు తిరుగుళ్ళు, ఏడాది చివర పరీక్షలు, అన్నీ ఆ ప్రక్రియలో ఎప్పటినుంచో ఉన్నవే.

రౌలింగ్ చేసిందల్లా ఆ పాఠశాల కథకు ఆంగ్ల అపరాధ పరిశోధన నవల కథనపద్ధతిని జోడించడం. ప్రతి పుస్తకంలోనూ ఒక రహస్యం ఉంటుంది. ఆధారాలు మన కళ్ళముందే చిన్న చిన్న సంగతులుగా చల్లి ఉంటాయి. అనుమానం ఒక మనిషి మీదకు మళ్ళుతుంది, దోషి మరొకరని చివరలో తేలుతుంది. మొదటి పుస్తకంలో కథ మొత్తం స్నేప్ అనే ఉపాధ్యాయుణ్ణి అనుమానించిన పాఠకుడు ముగింపులో క్విరెల్ అనే మరో ఉపాధ్యాయుణ్ణి చూసి నిర్ఘాంతపోతాడు. బడి సంవత్సరం సెప్టెంబరులో మొదలై వేసవిలో ముగియడం వల్ల ప్రతి నవలకూ దానంతటదే ఒక కాలపరిమితి ఏర్పడింది. ఏడేళ్ళ చదువు ఏడు పుస్తకాలయింది. పాఠకుడూ కథానాయకుడూ కలిసి పెరిగారు, కథ కూడా ఏటేటా వయసుకు తగినట్టు చీకటిగా మారింది. ఆమె పుస్తకాల్లో నుంచి బడిని తీసివేస్తే కథా నిర్మాణమే కూలిపోతుంది.

అదే బడి లె గ్విన్ చేతిలో పూర్తిగా వేరే పని చేస్తుంది. అక్కడ బడి కొన్ని అధ్యాయాలే ఉంటుంది. తోటి విద్యార్థి మీద పంతంతో, తన శక్తి చూపించుకోవాలన్న గర్వంతో గెడ్ చేయరాని మంత్రం చేస్తాడు, దానితో ఒక నీడ లోకంలోకి వచ్చి అతణ్ణి వెంటాడుతుంది. తరువాతి కథ అంతా సముద్రాల మీద సాగే పరుగు, చివరికి ఆ నీడను తన సొంత పేరుతో పిలవడం. ప్రతి వస్తువుకూ ఒక నిజమైన పేరు ఉంటుంది, అది తెలిసినవాడికే దాని మీద అధికారం ఉంటుంది, ఆ అధికారాన్ని వాడిన ప్రతిసారీ లోకపు సమతూకం కొంత కదులుతుంది అన్న నియమాల మీద ఆ నవల నిలబడింది. జిల్ మర్ఫీ బడి హాస్యానికి, చదువులో వెనకబడిన అమ్మాయి ఆత్మగౌరవానికి వేదిక. మూడు బడులు, మూడు వేరువేరు అవసరాలు. అందుకే ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి నకలు కాదు.

రాతప్రతులు చదివేటప్పుడు నేను పెట్టే పరీక్ష ఇక్కడి నుంచే వచ్చింది. వేరే పుస్తకాన్ని గుర్తుకు తెచ్చే ప్రతి అంశాన్నీ ఒక్కొక్కటిగా తీసివేసి కథను మళ్ళీ నోటితో చెప్పి చూడండి. తీసినా కథ మారకపోతే అది అలంకారం కోసం తెచ్చుకున్నది, దాన్ని వదిలేయండి. తీస్తే మీ కథ ఆగిపోతున్నట్టయితే, దాన్ని మీరు మీ పనికి వాడుకుంటున్నారు, ఉంచుకోండి. అన్నీ తీసేశాక చెప్పడానికి ఏమీ మిగలకపోతే అప్పుడు మాత్రం కథనే మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ కిందట నా దగ్గరకు వచ్చిన ఒక రాతప్రతిలో మీ నవలలో లాగానే నాలుగు జట్లు ఉండేవి, పంచభూతాల్లో నాలుగింటి పేర్లు వాటికి. ఐదవది ఎందుకు లేదని రచయితను అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు, నాలుగు అన్న సంఖ్య వేరే పుస్తకం నుంచి వచ్చింది కనుక. ఆ తరువాత ఆయన ఆలోచించి ఐదవ జట్టును కథలోకి తెచ్చారు. ఆకాశం పేరున ఒకప్పుడు ఒక జట్టు ఉండేదని, దాన్ని బడి పెద్దలు రద్దు చేసి రికార్డుల్లోంచి చెరిపేశారని, కథానాయిక మేనత్త ఆ జట్టులో చివరి విద్యార్థిని అని రాసుకొచ్చారు. అరువు తెచ్చుకున్న నాలుగు జట్లు ఒక దాచిపెట్టిన అన్యాయానికి గుర్తులుగా మారాయి. పుస్తకం వచ్చాక ఆ జట్లను చూసి అనుకరణ అన్నవారు నాకు తారసపడలేదు.

మరో రాతప్రతి దీనికి భిన్నమైనది. నుదుటి మీద గుర్తు ఉన్న పిల్లవాడు, వాడి కోసం వెదికే దుష్టమాంత్రికుడు, జోస్యం, అన్నీ తెలిసినవే. కానీ కథ జరిగేది ఇక్కత్ నేసే ఒక పోచంపల్లి చేనేత కుటుంబంలో. ఇక్కత్‌లో నూలును మగ్గం మీదకు ఎక్కించక ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు, బట్ట మీద రాబోయే బొమ్మ అప్పుడే నిర్ణయమవుతుంది. రచయిత్రి ఆ పనిని దగ్గరుండి చూసి పెరిగింది కనుక దాన్నుంచే తన మంత్రవిద్య నియమాన్ని తీసుకుంది: జరగబోయేది ముందే కట్లు కట్టి ఉంటుంది, మగ్గం మీద కూర్చున్నాక దాన్ని మార్చలేము, మార్చాలంటే కట్టిన చేతుల దగ్గరకే వెళ్ళాలి. ఇంత బలమైన నియమం చేతిలో ఉండగా నుదుటి గుర్తుతోనూ జోస్యంతోనూ ఏం పని? వాటిని తీసేయమని చెప్పాను, ఆమె చాలాకాలం ఒప్పుకోలేదు, అవి లేకపోతే ఫాంటసీలా ఉండదని భయపడింది. తీసేశాక నవల సగానికి తగ్గింది. ఆ తగ్గిన నవలే బాగుంది. కొత్త రచయితలు ఇతరుల నుంచి తెచ్చుకునేది చాలాసార్లు తమ సొంత ఊహ మీద నమ్మకం చాలకే తెచ్చుకుంటారు.

తీసుకోవడంలో ఇంకొక తేడా ఉంది, దాన్ని గురించి తక్కువమంది మాట్లాడతారు. మూలం నుంచి తీసుకోవడం వేరు, మూలం నుంచి తీసుకున్నవారి నుంచి తీసుకోవడం వేరు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో ప్రచురించిన "ద హాబిట్"లోని మరుగుజ్జుల పేర్లలో చాలా భాగం, గాండాల్ఫ్ పేరుతో సహా, ప్రాచీన నార్స్ కవిత "వోలుస్పా"లోని ఒక పేర్ల పట్టికలో ఉన్నవే. ఆ నవలలో డ్రాగన్ నిధి నుంచి ఒక పాత్ర దొంగిలించి దాని కోపాన్ని రగిలించే ఘట్టం పాత ఇంగ్లీషు కావ్యం "బేవుల్ఫ్"లో ఉంది. కానీ ఆయన ఆ భాషలను జీవితాంతం చదివి బోధించిన పండితుడు. ఆ కవితల వెనుక ఉన్న చలి, ఓటమి తప్పదని తెలిసినా నిలబడి పోరాడే తెగువ, పాత పాటల పట్ల గౌరవం కూడా వాటితోపాటు ఆయన కథలోకి వచ్చాయి. ఆయన తరువాత వచ్చినవారిలో చాలామంది మరుగుజ్జులను, ఎల్ఫులను టోల్కీన్ పుస్తకాల నుంచే తెచ్చుకున్నారు, దానితో రూపురేఖలు వచ్చాయి కానీ ఆ లోతు రాలేదు.

క్రిస్టఫర్ పావొలినీ టీనేజిలో రాసి, కుటుంబం సాయంతో 2002లో సొంతంగా అచ్చు వేసుకున్న "ఎరగాన్" 2003లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా వచ్చి ఎంతో పేరు తెచ్చుకుంది. స్టార్ వార్స్ కథాక్రమాన్ని, టోల్కీన్ లోకాన్ని కలిపినట్టుందని దాన్ని విమర్శించినవారు చాలామంది. ఆ విమర్శ పూర్తిగా అన్యాయమైనదని నేను అనను. అయితే డ్రాగన్‌కూ ఆ కుర్రవాడికీ మధ్య మనసుల మాటగా సాగే స్నేహాన్ని అతడు మనసు పెట్టి రాశాడు, పిల్లలు ఆ పుస్తకాన్ని ప్రేమించింది అందుకే అని నా నమ్మకం. పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టిన రచనలో అభిమాన పుస్తకాల జాడ ఉండడం సహజం, దాన్ని పట్టుకుని ఆ వయసు పిల్లలను అవమానించడం నాకు ఎప్పుడూ నచ్చదు.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి చూడండి, ఎందుకంటే మీరు రాస్తున్నది తెలుగులో. 1951లో వచ్చిన "పాతాళభైరవి" సినిమా కథకు మధిర సుబ్బన్న దీక్షితుల "కాశీమజిలీ కథలు" ఆధారం, అల్లావుద్దీన్ కథ ఛాయలు కూడా అందులో స్పష్టంగానే ఉన్నాయి. ఆ అల్లావుద్దీన్ కథ సైతం "వెయ్యిన్నొక్క రాత్రులు" పాత అరబ్బీ ప్రతులలో లేదు. అలెప్పో నగరం నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో చెప్పగా విని, ఫ్రెంచి అనువాదకుడు ఆంత్వాన్ గాలాఁ తన సంపుటాల్లో చేర్చాడు. అక్కడి నుంచి ఎన్నో భాషలు దాటి ఆ కథ మన దాకా వచ్చింది.

ఆ కథకూ మన సినిమాకూ ఉన్న తేడాను గమనించండి. అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడికి గుహలోకి దిగి దీపం తెచ్చిపెట్టే ఒక కుర్రవాడు కావాలి. "పాతాళభైరవి"లో నేపాళ మాంత్రికుడికి బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు కావాలి. పని చేయించుకోవడం బలి ఇవ్వడంగా మారేసరికి కథ స్వభావమే మారిపోయింది. కుర్రవాడు ఎంత ధైర్యవంతుడైతే మాంత్రికుడికి అంత పనికొస్తాడు, కనుక తోటరాముడి సాహసమే అతడికి ప్రాణాపాయం తెచ్చిపెడుతుంది. ఆ కుట్ర తెలుసుకున్న తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి భైరవి ప్రతిమను దక్కించుకోవడం ఆ మార్పు వల్లనే సాధ్యమైంది. ఒక్క చోట చేసిన మార్పు మొత్తం కథను తనదిగా చేసుకోవడం అంటే ఇదే. మీ నవలలో అటువంటి మార్పు ఎక్కడ జరగగలదో వెదకండి. ఉత్తరం కుర్రవాడికి ఎందుకు వస్తుంది? అది వాడికి రావలసినది కాకపోతే? వాడికి బదులు మరొకరు వెళ్ళవలసి ఉండి, వాడు ఆ చోటును ఆక్రమించి ఉంటే? ఇవి నా ఊహలు మాత్రమే, మీ కథకు సరిపడేది మీకే తెలుస్తుంది.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. విదేశీ ప్రభావం పోవాలంటే హ్యారీ చదివే బడి హాగ్వార్ట్స్‌ను గురుకులంగా, మంత్రదండాన్ని యోగదండంగా, ట్రోల్‌ను బ్రహ్మరాక్షసుడిగా మారిస్తే చాలని చాలామంది అనుకుంటారు. అది వేషం మార్చడమే. బ్రహ్మరాక్షసుడు మన కథల్లో ఊరికే భయపెట్టే భూతం కాదు, చదువుకుని కూడా దారి తప్పినవాడు ఆ జన్మ ఎత్తుతాడన్న నమ్మకం ఆ పాత్ర వెనుక ఉంది. ఆ నమ్మకాన్ని వాడుకుంటే చదువు గురించిన మీ నవలలో అతడికి ఎంతో చోటు ఉంటుంది, వాడుకోకపోతే పేరు మాత్రమే తెలుగులో ఉంటుంది. "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన "తోకచుక్క", "రాకాసి లోయ", "మాయా సరోవరం" వంటి ధారావాహికలను మీరు చదవకపోయి ఉంటే ఇప్పుడైనా చదవండి. ఒక్కో భాగాన్ని ఎక్కడ ఆపాలో, మాంత్రికుడి శక్తికి ఎక్కడ హద్దు గీయాలో వాటి నుంచి నేర్చుకోవచ్చు. నేర్చుకోమంటున్నాను, ఎత్తి రాసుకోమనడం లేదు. ఆయన 2010లో మరణించారు, మన దేశంలో సాహిత్య రచనలపై హక్కు రచయిత మరణానంతరం అరవై ఏళ్ళ దాకా ఉంటుంది.

హక్కుల మాట వచ్చింది కనుక చట్టం సంగతి కొంత చెబుతాను. నేను న్యాయవాదిని కాను, ప్రచురణ పనిలో తెలుసుకోక తప్పనివి మాత్రమే ఇవి. మన దేశంలో ఈ విషయంలో ఇప్పటికీ ఆధారంగా తీసుకునే తీర్పు 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో ఇచ్చింది. తన "హమ్ హిందుస్తానీ" నాటకాన్ని కాపీ కొట్టి 1956లో "న్యూ ఢిల్లీ" సినిమా తీశారని నాటక రచయిత వేసిన దావా అది. ఊహకు, ఇతివృత్తానికి, పురాణ చారిత్రక విషయాలకు కాపీరైట్ ఉండదని, వాటిని వ్యక్తం చేసిన రూపానికి, పద్ధతికి, అమరికకు మాత్రమే ఉంటుందని కోర్టు చెప్పింది. రెండింటినీ చూసిన లేదా చదివిన మనిషికి రెండవది మొదటిదానికి నకలు అన్న భావన నిస్సందేహంగా కలుగుతుందా అన్నది ముఖ్యమైన కొలత. ఆ కేసులో నాటక రచయిత ఓడిపోయారు. "అమరిక" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. అనాథ, ఉత్తరం, జట్లు విడివిడిగా ఎవరివీ కావు, ఒకే క్రమంలో పేర్చినప్పుడే మీ మిత్రులకు కలిగిన భావన కలుగుతుంది.

హ్యారీ పాటర్ చుట్టూ నడిచిన వ్యాజ్యాలు కూడా ఇదే చెబుతాయి. నాన్సీ స్టౌఫర్ అనే అమెరికన్ రచయిత్రి తన "మగుల్స్" అన్న మాటను, "లారీ పాటర్" అన్న పాత్రను రౌలింగ్ తీసుకున్నారని ఆరోపించారు. ఆమె సమర్పించిన సాక్ష్యాలలో కొన్ని కల్పించినవని తేల్చి న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2002లో ఆమెకు 50,000 డాలర్ల జరిమానా వేసింది. "విల్లీ ద విజర్డ్" అనే చిన్న పుస్తకం తరఫున వేసిన దావాను 2011లో మరో న్యూయార్క్ న్యాయమూర్తి కొట్టివేశారు, రెండు పుస్తకాలకూ చెప్పుకోదగిన పోలికే లేదన్నారు. దీనికి ఎదురు దిక్కున, రష్యాలో ద్మిత్రీ యెమెత్స్ 2002 నుంచి రాసిన "తాన్యా గ్రోటర్" నవలల్లో కళ్ళజోడు, ముఖం మీద గుర్తు, తల్లిదండ్రులను చంపిన దుష్టశక్తి, మాయల బడి, పేరులో ధ్వని సైతం కలిశాయి. అది పేరడీ అని రచయిత వాదించినా, 2003లో నెదర్లాండ్స్ కోర్టు డచ్ అనువాదం పంపిణీని ఆపింది. అమరిక ఎంత దగ్గరగా వస్తే ప్రమాదం అంత పెరుగుతుంది. ప్రత్యేకించి పేర్ల విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను, హాగ్వార్ట్స్, మగుల్, క్విడిచ్ వంటి మాటలకు దగ్గరగా ఉండే పేర్లు ఒక్కటి కూడా ఉంచవద్దు.

కొందరు మరో వాదన చేస్తారు: చదివేది పిల్లలు కదా, వాళ్ళకు ఏది పాతదో ఎలా తెలుస్తుంది అని. ఈ వాదన నాకు బాధ కలిగిస్తుంది. ఇప్పటి పిల్లలు సినిమాల ద్వారానైనా ఆ కథలన్నీ తెలిసినవాళ్ళు, పోలికలు పెద్దవాళ్ళకంటే ముందే పట్టేస్తారు. ఒకవేళ ఒక పాపకు నిజంగా ఏమీ తెలియకపోతే, మాయల బడి గురించి ఆమె చదివే మొదటి పుస్తకం మీదే అవుతుంది. ఆమెకు అందేది శ్రద్ధగా చేసినదై ఉండాలి.

ఇప్పుడు లె గ్విన్ మాట దగ్గరకు వస్తాను. ఫిలిప్ పుల్మన్ తన మూడు నవలల వరుసలో చివరిదైన "ద ఆంబర్ స్పైగ్లాస్" (2000) వెనుక పేజీల్లో, చదివిన ప్రతి పుస్తకం నుంచీ ఊహలు దొంగిలించానని తానే ఒప్పుకుని, అందరికంటే ఎక్కువగా రుణపడిన ముగ్గురిలో ఆంగ్ల కవులు మిల్టన్, బ్లేక్ పేర్లు చెప్పారు. మిల్టన్ "పారడైజ్ లాస్ట్" లేకపోతే ఆ వరుస లేదు, అయినా పుల్మన్ మిల్టన్ చెప్పినదానికి ఎదురు తిరిగి కథ నడిపారు. ఎక్కడినుంచి బయలుదేరారో చెప్పారు కనుక ఎంత దూరం వచ్చారో కూడా పాఠకుడికి తెలిసింది. మీరూ మీ నవల చివర ఒక పేజీ కేటాయించి, ఏ పుస్తకాలు చదివి ఈ కథ రాయాలనిపించిందో పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. రౌలింగ్ పేరు, లె గ్విన్ పేరు, చందమామ పేరు, మీ అమ్మమ్మ చెప్పిన కథ ఉంటే అదీ రాయండి. కొందరు పిల్లలు ఆ పేజీ పట్టుకుని ఆ పుస్తకాల దగ్గరకు వెళ్తారు.

ఆ పేజీ రాయడానికి కూర్చున్నప్పుడు మీకే ఒక సంగతి తెలుస్తుంది. ఒకే పేరు రాసి కలం ఆగిపోతే నవల మీద ఇంకా పని ఉన్నట్టు. నాలుగైదు పేర్లు వచ్చి, వాటితో పాటు ఏ పుస్తకంలోనూ లేని మీ ఊరి సంగతి, మీరు చూసిన పని, మీకు తెలిసిన మనిషి కూడా గుర్తుకొస్తే రాతప్రతిని ప్రచురణకర్తకు పంపండి. జట్ల సంఖ్య, ఉత్తరం ఘట్టం మార్చిన తరువాత మొదటి మూడు అధ్యాయాలు ఇక్కడ పెడితే చదివి నా అభిప్రాయం రాస్తాను.